చుక్కలు కనిపించే కప్పు

దీవుల్ని ముంచిన సునామీ తర్వాత బ్రూక్షాబాద్‌లో ఇళ్ళు పోయినవాళ్ళకి రేకుల షెడ్లు వేసిన కాంట్రాక్టరు గవరయ్య. బయట వాన వెలిసినా ఆ షెడ్లలో మాత్రం కురుస్తూనే ఉండేదని జనం చెప్పుకునేవారు. ఏళ్ళు గడిచినా, తన ఎదుట ఎవరైనా కప్పుకేసి తల పైకెత్తితే చాలు, గవరయ్యకి ఒళ్ళు మండేది.

అలాంటివాడి మేడ మీద గదిలో అద్దెకి దిగింది ఇజ్రాయెల్ అమ్మాయి నోవా. తమ పంటల పండగకి పెరట్లో సుక్కా అనే పందిరి కావాలట. వారం పాటు తిండి అందులోనేనట.

"పైన ఆకులే వెయ్యాలి భయ్యా. సందుల్లోంచి చుక్కలు కనిపించాలి," అంది వచ్చీరాని హిందీలో.

తనని దెప్పడానికే ఎవరో నేర్పి పంపారనుకున్నాడు గవరయ్య. పంతం కొద్దీ సూది దూరే సందైనా లేకుండా కొబ్బరాకులు నేసి, పైన టార్పాలిన్ కూడా బిగించాడు. జన్మలో అంత గట్టి పని చేసి ఎరగడు.

నోవా ఏడుపు మొహం పెట్టింది. "కురిసినా పర్వాలేదు భయ్యా. చుక్కలు కనపడకపోతే ఇది సుక్కాయే కాదు."

పళ్ళు కొరుక్కుంటూ నిచ్చెనెక్కి, వేసిందంతా తనే పీకి సందులు చేశాడు. నోవా దానిమ్మలు, అరటిపళ్ళు, రంగు కాగితాలు వేలాడగట్టి, "బహుత్ అచ్ఛా ఛత్, భయ్యా!" అని చప్పట్లు కొట్టింది. తను వేసిన కప్పుని ఒకరు మెచ్చుకోవడం గవరయ్యకి అదే మొదలు. ఛాతీ ఉప్పొంగిపోయింది.

అంతలో వాన అందుకుంది. చినుకులు నోవా పళ్ళెంలో పడుతున్నాయి. చూడ్డానికొచ్చిన తాయారమ్మ, ఒకప్పుడు ఆ రేకుల షెడ్డులో కాపురమున్న మనిషి, తల పైకెత్తింది.

"ఓలమ్మా, ఇది పండగేటి! మా షెడ్డేసినప్పుడే సెప్పుంటే, మేమూ పళ్ళు కట్టి పండగ సేసుకుందుం కదా గవరయ్య బాబూ!"