ఊపిరి బిగబట్టి కుట్టిన కోటు

తడిసిన గొడుగుని మా ఆయన చెక్క హ్యాంగరుకి తగిలించారు. వరస సెలవుల మొదటి ఉదయం మా ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది.

"అది కోటు హ్యాంగరండీ!"

"దాని మీద రాసుందా?"

"రాయాలా? ఆ భుజాలు చూస్తే తెలియట్లేదూ?"

"హ్యాంగరు భుజాలు కూడా చూస్తావన్నమాట! నావి ఎప్పుడైనా చూశావా?"

సోఫాలో ముడుచుకుని కూర్చున్న మా ఆడపడుచు దిండులో మొహం దాచుకుని నవ్వింది. అత్తగారు మాత్రం, "ఆ నీళ్ళన్నీ నా చెప్పుల్లో పడుతున్నాయి, ముందు అది చూడండి" అన్నారు.

వాన వదిలేలా లేదు. బయటికెళ్ళే దారి లేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో నేను ఒక పత్రికలో చదివి పెట్టుకున్నాను: బీరువా సర్దుకోవడం, పాత బట్టల్ని కొత్త మోస్తరుగా మార్చుకోవడం, ఇంట్లోవాళ్ళ ముందు వేసుకుని నడవడం. చదివినప్పుడే ఆ వ్యాసం నాకోసమే రాశారనిపించింది. ఇలాంటివి నాకు తరచూ అనిపిస్తుంటాయి.

పైగా ఈసారి అవసరం కూడా ఉంది. సెలవులు అయిన మర్నాడే ఆడపడుచుకి ఇంటర్వ్యూ. పెద్ద బట్టల షాపులో, అద్దాల వెనక నిలబెట్టే బొమ్మల్ని అలంకరించే ఉద్యోగం. ఇంటినుంచి ఒక బట్ట తెచ్చి, వాళ్ళముందే బొమ్మకి తొడిగి చూపించమన్నారట. చాలాకాలంగా ఖాళీగా ఉంది పాపం. ఇదీ పోతే ఇక ఎక్కడా ఉద్యోగం అడగనని ఒట్టు పెట్టుకుంది.

"నువ్వు వేసుకెళ్ళే బట్టల సంగతి నాకొదిలెయ్" అన్నాను. "అప్పట్లో వదులుగా కుట్టించుకున్న నా కాలేజీ కోటు ఉంది. కాస్త బిగిస్తే నీకు అచ్చు సరిపోతుంది."

"నా కొలతలు తీసుకోవా వదినా?"

"ఎందుకూ? మనిద్దరిదీ ఒకటే కొలత."

మా ఆయన దగ్గారు. నేను విననట్టు ఉన్నాను.

కోటు నేనే తొడుక్కుని అద్దం ముందు నిలబడి, పక్కలకి పిన్నులు పెట్టుకున్నాను. మా ఇంట్లో ఒక అలవాటుంది. అద్దంగానీ టేపుగానీ ఎదురైతే అందరం పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబడతాం. మిగతావాళ్ళని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. ఆ రోజు నేనూ బిగబట్టానన్న సంగతి మాత్రం నాకు తెలియలేదు. అద్దంలో మనిషి అంత నాజూగ్గా కనిపిస్తుంటే అనుమానం రావాల్సింది. గర్వం వచ్చింది. కుట్టేశాను. లోపల మిగిలిన గుడ్డ అందవికారంగా ఉందని కత్తిరించి పారేశాను కూడా. అరకొర పని నాకు నచ్చదు.

మర్నాడు సాయంత్రం హాల్లో కుర్చీలు జరిపి, మా ఆడపడుచుని నడిపించాను. భుజాలు బాగా కూర్చున్నాయి. చేతులు బాగున్నాయి. బొత్తాలు పెట్టబోతే అందలేదు. ఊపిరి బిగబట్టి పెట్టుకుంది. రెండడుగులు వేసింది. మొహం ఎర్రబడింది.

"వదినా, ఇంటర్వ్యూలో ఊపిరి తీసుకోవచ్చా?"

"కుట్టు వదులు చెయ్యి" అన్నారు అత్తగారు.

"వదులు చేయడానికి గుడ్డేదీ?" అన్నాను.

మా ఆయన నోరు తెరిచి, నా మొహం చూసి, మళ్ళీ మూసుకున్నారు. ఆయన జోకు వేయకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ పిల్ల మాత్రం కోటు విప్పి, దాన్ని ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకుంది.

రాత్రి భోజనాల దగ్గర నేను క్షమాపణ మొదలుపెట్టాను. ఎలా చెప్పాలో వరసగా అనుకుని వచ్చాను. మా ఆడపడుచు నా మొదటి వాక్యమే పూర్తి కానివ్వలేదు.

"వదినా, కోటు తీసుకెళ్తున్నా. నేను మాత్రం నా మామూలు చొక్కాతో వెళ్తా. బొమ్మకి తొడుగుతా దాన్ని. నడుము దగ్గర అలా కూర్చున్న కోటు ఏ షాపులోనూ ఉండదు. బొమ్మ ఊపిరి తీసుకోదుగా."

"నేనూ వస్తాను" అన్నాను వెంటనే. "కాలరు మడత ఎలా పెట్టాలో..."

"వద్దు" అంది, నా కంచంలో కూర వడ్డిస్తూ. "ఒక్కదాన్నే వెళ్తున్నా. ఎవరూ రావద్దు."

అత్తగారు తలూపారు. నేను కూర కలుపుకున్నాను.