తెర కట్టిన సీటు

నేను ఒక ఇటలీ కారును. రెండో ప్రపంచయుద్ధానికి ముందు పుట్టాను. రెండే సీట్లు, పైకప్పు లేదు. మిలాన్ ఊళ్లో ఒక ఇరుకు షెడ్డులో ముసలి పనివాడొకడు అల్యూమినియం రేకును కొయ్య సుత్తితో కొట్టి కొట్టి నా ఒంటిని తీశాడు. సాయంత్రం పని ఆపేముందు కళ్లు మూసుకుని ముక్కు నుంచి తోక దాకా అరచెయ్యి నడిపేవాడు. చెయ్యి ఎక్కడైనా తడబడితే మళ్లీ సుత్తి అందుకునేవాడు. అందుకే నా ఒంట్లో ఏ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూసేవాళ్లకు అంతుపట్టదు. నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంటాను. నన్ను గాలి కోసం చేశారు.

కొన్నది మాత్రం గాలి చొరని ఇల్లు.

నీలగిరిపాలెం జమీందారు రామభద్ర జగపతి ఐరోపా యాత్రలో నావంటి కారును ఒక పందెంలో చూసి మనసు పడ్డాడు. ఓడలో విశాఖపట్నం చేరాను. నా వేగం కన్నా, నాలో కూర్చున్నప్పుడు జనం తనవైపు తిరిగి చూడడమే ఆయనకు ఇష్టం. ఎవరూ చూడని రోజున స్టీరింగు మీద ఆయన వేళ్లు బిగుసుకుపోయేవి. చిన్నతనంలో ఈయన్ను ఎవరూ పట్టించుకోలేదేమో అనిపించేది.

అయితే ఆయన భార్య సుభద్రాయమ్మను ఎవరూ చూడకూడదు. ఆ ఇంట ఘోషా. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిరగాలి, ఆవిడ ఎవరి కంటా పడకూడదు. ఈ రెండు కోరికలనూ కలపడానికి వడ్రంగిని పిలిపించారు. నా ఎడమ సీటు చుట్టూ టేకు చట్రం బిగించి నీలం పట్టు తెరలు వేలాడదీశారు. స్టీరింగు ఉన్న కుడి సీటు మాత్రం బార్లా తెరిచే ఉంది. సగం కారు, సగం పల్లకీ. మిలాన్ ముసలివాడు చూసి ఉంటే నవ్వేవాడో, ఏడ్చేవాడో.

జగపతి మద్రాసు వెళ్లిన రోజుల్లో సుభద్రాయమ్మ నా దగ్గరికి వచ్చేది. కోట గోడల లోపలే, డ్రైవరు అప్పన్న ఆవిడకు నడపడం నేర్పాడు. ముఖం చూడకూడదు కనక వీపు తిప్పి నిలబడి, నా శబ్దం విని పాఠం చెప్పేవాడు. క్లచ్చి అతని నోట కలచ్చి.

"కలచ్చి ఒగ్గీసినారు తల్లీ. బండి ఏడుస్తంది."

"ఏడవనీ అప్పన్నా. నవ్వేదెప్పుడో చెప్పు."

"బేగి గేరు మార్సండి, నవ్వుతాది."

జగపతి చేతులు నన్ను శాసించేవి. ఆవిడ చేతులు అడిగేవి. అడిగినప్పుడు ఇవ్వడం నాకు సులువు.

ఒక మధ్యాహ్నం, వాళ్లిద్దరే, భీమిలి దారిలో వస్తున్నారు. జగపతి ఉన్నట్టుండి రొమ్ము పట్టుకుని ముందుకు ఒరిగాడు. నేను దారి తప్పి ఇసుకలో ఆగిపోయాను. తెర వెనక నుంచి ఆవిడ పిలిచింది. మూలుగు వినిపించింది.

"ఇటు జరగండి. నేను నడుపుతాను."

"తెర... తెర తియ్యకు."

"తియ్యకపోతే దారెలా కనపడుతుంది?"

"ఎవడో ఒకడు వస్తాడు. ఆగు."

ఆవిడ ఆగలేదు. అంత మనిషిని తన సీట్లోకి ఎలా లాగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెర ఆయన చుట్టూ దించి, తను స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన చీకట్లో, ఆవిడ ఎండలో. ఇసుకలోంచి నన్ను మెల్లగా పైకి తెచ్చి, వంతెన దగ్గర అడ్డమొచ్చిన ఎడ్లబళ్లను లేచి నిలబడి ఒక్క కేకతో తప్పించి, పట్నం ఆస్పత్రి దాకా తీసుకెళ్లింది. నేను ఎందుకు పుట్టానో ఆ దారిలో తెలిసింది నాకు.

ఆయన బతికాడు. లేచి తిరగగలిగిన రోజునే షెడ్డుకు వచ్చాడు.

"ఆవేళ ఎవరెవరు చూశార్రా?"

"ఎవులూ సూడ్నేదు బాబూ," అన్నాడు అప్పన్న. సగం ఊరు చూసింది.

"ఆవిడకు నేర్పిందెవరు?"

అప్పన్న నేల చూశాడు. మర్నాటి నుంచి అతను కొలువులో లేడు.

ఆ తర్వాత అతిథులు వచ్చినప్పుడల్లా జగపతి వాళ్లను నా ముందుకు తెచ్చి చెప్పేవాడు, ఆ నొప్పితోనే తాను ఆస్పత్రి దాకా నడిపి తన ప్రాణం తానే కాపాడుకున్నానని. తనకు కీడు చేసినవాణ్ణి మనిషి ఎప్పటికైనా క్షమిస్తాడు. తన భయాన్ని చూసినవాళ్లను క్షమించలేడు. సుభద్రాయమ్మ తలుపు చాటున నిలబడి వినేది. మొదట్లో ఆ మాట దగ్గర నావైపు చూసేది. తర్వాత్తర్వాత చూడడం మానేసింది.

జమీలు పోయాయి. జగపతి పోయాడు. ఘోషా ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. నా మీద దుమ్ము పేరుకుంది. చాలా ఏళ్లకు, పాత కార్లు సేకరించే సుధీర్‌చంద్ర అనే ఆయన నన్ను కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చాడు. ముసలి సుభద్రాయమ్మ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అమ్మగారూ, రాజావారు గుండెపోటుతోనే ఈ కారు నడిపారట. నిజమేనా?"

నేను ఎదురుచూశాను. ఆపేవాళ్లు ఎవరూ లేరు. ఆవిడ ఒక్క మాట అంటే చాలు.

"నిజమే నాయనా. వంతెన దగ్గర ఎడ్లబళ్లు అడ్డమొస్తే లేచి నిలబడి, 'తప్పుకోండర్రా' అని ఒక్క కేక వేశారు. బళ్లన్నీ పక్కకు జరిగిపోయాయి. నేను తెర వెనక దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను."

భర్త పరువు కాపాడుతోందా? ఆ మధ్యాహ్నాన్ని అమ్మకుండా తనకే దాచుకుంటోందా? ఏదో ఒకటి అయితే బాగుండునని ఆవిడ ముఖంలో వెతికాను. దాపరికం ఏమీ లేదు. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, గుర్తు చేసుకుంటోంది. ఆ జ్ఞాపకంలో లేచి నిలబడింది నిజంగానే ఆయన.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక అద్దాల హాల్లో ఉన్నాను. నా సొట్టలు తీశారు, ఎర్రరంగు వేశారు. జనం నా ఒంపులు చూసి మెచ్చుకుంటారు. కుర్రాళ్లు "మగాడి బండిరా" అంటారు. గైడు రోజూ వంతెన కథ చెబుతాడు, కేక దగ్గర గొంతు పెంచుతాడు. అది అతని గొంతు కాదని, జగపతిది కూడా కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

కానీ ఈమధ్య, హాల్లో ఎవరూ లేనప్పుడు ఆ కేకను మళ్లీ తలుచుకుంటే, అది నాకూ మగ గొంతులాగే వినిపిస్తోంది.