సెక్రటరీగారి దస్తూరి

తావ్ కైషాన్ యున్‌పు నగరానికి పార్టీ సెక్రటరీగా, అంటే ఊరికంతటికీ పై అధికారిగా, వచ్చిన కొత్తలో కుంచె పట్టి అక్షరం రాసి ఎరగడు. మరుసటేడు ఆయనకు ఉన్నట్టుండి కళ అబ్బింది. ఆ పైఏడాదికి ఊళ్ళో ఆయన దస్తూరి లేని గుమ్మం లేదు. పెద్దాసుపత్రి బోర్డు ఆయనదే, బస్‌స్టాండు బోర్డు ఆయనదే, పీతల హోటలు బోర్డూ ఆయనదే. చివరికి శ్మశానం గేటు మీద పేరు కూడా ఆయనే రాశాడు.

"బతికున్నవాళ్ళనీ వదల్లేదు, చచ్చినవాళ్ళనీ వదల్లేదు" అని రువాన్ వెన్‌చింగ్ అంటే పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వేవారు. నవ్వాక, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకునేవారు.

వెన్‌చింగ్‌కి యాభై దాటాయి. బాలల భవనంలో పిల్లలకు కుంచె రాత నేర్పేది. లిపి కళాకారుల సంఘంలో ఉపాధ్యక్షురాలు. భర్త పోయాక ఒంటరిగానే ఉంటోంది. ఉన్న ఒక్క తమ్ముడు వెన్‌బిన్ సాంస్కృతిక శాఖలో ఉపసంచాలకుడు. ఇద్దరూ నదొడ్డున నూలు మిల్లు క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళే. మిల్లు పనిలో ఊపిరితిత్తుల నిండా దూది చేరి తల్లి పోతే, తమ్ముణ్ణి వెన్‌చింగే పెంచింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ తమ్ముడు బుట్టెడు పీతలు పట్టుకుని వచ్చాడు.

"ఏంట్రా, పీతలు తెచ్చావంటే పని పెద్దదే అయ్యుండాలి."

"ముందు తినక్కా, తర్వాత మాట్లాడుకుందాం."

"తిన్నాక కాదనలేను. ముందే చెప్పు."

చెప్పాడు. కొండ ప్రాంతపు పిల్లల బడుల కోసం విరాళాల వేలం పెడుతున్నారు. అందులో సెక్రటరీగారి రాత అమ్ముతారు. పాట మొదలయ్యే ముందు తెలిసినవాళ్ళెవరైనా వేదికెక్కి దాని గొప్పతనం గురించి రెండు ముక్కలు చెప్పాలి. సంఘం అధ్యక్షుడేమో సరిగ్గా నిన్ననే రక్తపోటు పెరిగి ఆసుపత్రిలో చేరాడు.

"మహా తెలివైనవాడు" అంది వెన్‌చింగ్. "ఇంతకీ ఏం రాశాడు మీ సెక్రటరీ?"

"'చేతుల్లో స్వచ్ఛమైన గాలి' అని."

లంచం ముట్టని అధికారిని మెచ్చుకోవడానికి తాతల కాలం నుంచి వాడే మాట అది. వెన్‌చింగ్‌కి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ పొరబోయి మంచినీళ్ళు తాగింది.

"నవ్వకక్కా. మియావ్ దాఫూ కొంటాడు. మాటలన్నీ ముందే అయిపోయాయి."

"ఎవరు, ఆ మేడలు కట్టేవాడా? వాడికి సారా సీసా మీద పేరు తప్ప మరో అక్షరం నచ్చిందని ఎప్పుడూ వినలేదే!" అంటూనే ఆగిపోయింది. "ఒరే, మిల్లు స్థలం వాడికేనా?"

వెన్‌బిన్ పీత కాలు విరిచి, అందులో లేని మాంసం కోసం వెతకసాగాడు.

"మిల్లువాళ్ళకి అక్కడే ఇళ్ళు కట్టిస్తామని మాటిచ్చారు కదరా."

"పథకం మారింది. కొండ అవతల కడతారట."

"చిన్నప్పుడు నువ్వు తిన్న అన్నంలో సగం క్వార్టర్లలో మన పక్కింటి హావ్ పిన్ని పెట్టిందే. ఈ వయసులో ఆవిణ్ణి కొండెక్కిస్తారా?"

"నాకు తెలీదా అక్కా? నేను కాదంటే ఆ పని చెయ్యడానికి నా వెనక పదిమంది ఉన్నారు. ఇన్నేళ్ళూ ఉప, ఉప, ఉప! ఈసారి సంచాలకుడి కుర్చీ నాకే అన్నారు. నీకు దండం పెడతాను. నీకు నచ్చక్కర్లేదు, రెండు ముక్కలు అనేసి దిగిపో, చాలు."

వాడి నుదుటి మీది చెమట చూసి వెన్‌చింగ్ మెత్తబడింది. వస్తానంది.

వేలం నాడు హోటలు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో సెక్రటరీ తెల్లచొక్కాతో నిరాడంబరంగా కూర్చున్నాడు. పక్కన విరాళాల నిధి చూసుకునే ఆయన భార్య, ఆ పక్కన మియావ్ దాఫూ. వెన్‌చింగ్ వేదికెక్కి పట్టుగుడ్డ మీద అతికించిన రాత వైపు చూసింది. 'గంభీరంగా ఉంది, సెక్రటరీగారి మనసు కనిపిస్తోంది' అని తమ్ముడి కోసం ఒక మాట సిద్ధం చేసుకునే వచ్చింది. ఆ మాట నోటిదాకా వచ్చేసరికి సెక్రటరీ కింద నుంచి నవ్వుతూ అన్నాడు:

"మొహమాటపడకండి టీచరుగారూ! మేం ప్రజల సేవకులం. విమర్శిస్తే నేర్చుకుంటాం."

హాలంతా చప్పట్లు. మియావ్ అప్పటికే వేలంపాట చీటీతో మోకాలి మీద దరువేస్తున్నాడు. ఆ దరువు చూసేసరికి వెన్‌చింగ్ సిద్ధం చేసుకున్న మాట మింగేసింది.

"పిల్లలెవరైనా రాస్తే బాగుందనేదాన్ని, ఎందుకంటే పిల్లలు అమ్ముకోవడానికి రాయరు" అంది. "ఇక్కడ వేలాడుతున్నవి అక్షరాలు కావు. నూలు మిల్లు స్థలం. దాని ధర నాకు తెలీదు. మియావ్‌గారికి తెలుసు, ఆయన్నే అడగండి."

మైకు ఆగిపోయింది. హాల్లో ఒకడు దగ్గి, దగ్గినందుకు భయపడ్డాడు. సెక్రటరీ మొహం మీద నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. అందరికంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టాడు, ఆయన కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు. ఆ తర్వాత పాట మొదలైంది. మంచి ఇల్లొకటి కొనగలిగిన సొమ్ము పెట్టి మియావ్ 'స్వచ్ఛమైన గాలి'ని కొనుక్కుపోయాడు.

మర్నాడే అగ్నిమాపక శాఖవాళ్ళు వచ్చి, పిల్లలకు ప్రమాదమంటూ ఆమె తరగతి గదికి తాళం వేశారు. ఆరోగ్యం బాగాలేక తాను సంఘానికి రాజీనామా చేసినట్టు వెన్‌చింగ్ పేపర్లో చదివి తెలుసుకుంది. వెన్‌బిన్‌ని శ్మశానవాటికల కార్యాలయానికి మార్చారు.

"రోజూ పొద్దున్నే ఆయన దస్తూరి కింద నుంచే ఉద్యోగానికి పోతున్నాను" అన్నాడు ఫోన్లో. "నీ నిజాయితీ నువ్వు నిలబెట్టుకున్నావు. ఖర్చు నాకు పడింది. సంతోషమేనా?"

ఆ మాటతో ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

ఆకులు రాలే రోజుల్లో మిల్లు క్వార్టర్లు పడగొట్టారు. కదిలేది లేదన్నవాళ్ళకు నీళ్ళు ఆపారు, కరెంటు ఆపారు. ఆఖరికి కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళను పంపారు. హావ్ పిన్నికి కొండ అవతల తొమ్మిదో అంతస్తులో ఇల్లిచ్చారు. లిఫ్టు గుంత ఉంది, లిఫ్టు లేదు. ఎక్కిన ముసలావిడ మళ్ళీ దిగలేదు. వెన్‌చింగ్ కూరగాయలు తీసుకెళ్తే "దేవుడికి దగ్గర చేశారే, ఇంక నాలుగు మెట్లే మిగిలాయి" అని నవ్వేది.

రెండేళ్ళు గడిచాయి. ఒక వసంతంలో సెక్రటరీని నిండు సమావేశంలోంచి లేపి తీసుకుపోయారు. ఆ మధ్యాహ్నానికల్లా ఊళ్ళో బోర్డులన్నీ దిగిపోయాయి. ఎక్కించడానికి ఎంత పోటీ పడ్డారో దించడానికీ అంతే పోటీ పడ్డారు. పీతల హోటలువాడైతే కూలీ వచ్చేదాకా ఆగలేక తనే నిచ్చెనెక్కాడు. ఆయన ఇంట్లో గోడల్లోంచి తీసిన బంగారం టీవీలో చూపించారు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళందరూ ఇప్పుడు నోరారా ఉమ్మేశారు.

ఆ తర్వాత సాంస్కృతిక శాఖవాళ్ళు పూలగుత్తితో వెన్‌చింగ్ ఇంటికొచ్చారు. అవినీతి వ్యతిరేక సభలో 'నిజం పలికిన కళాకారిణి' అని సత్కరిస్తారట. కొత్త సెక్రటరీ కువాంగ్‌గారే స్వయంగా వస్తారట. తరగతి గది తెరిపిస్తామన్నారు కూడా. తమ్ముడికి ఏమైనా మేలు జరుగుతుందేమోనని ఆమె వెళ్ళింది.

వెళ్ళి చూస్తే ముందు వరసలో మియావ్ దాఫూ! దర్యాప్తు అధికారులకు మనస్ఫూర్తిగా సహకరించాడట, అందుకని క్షమించారట. కువాంగ్‌గారి భార్య పక్కన కూర్చుని చెవిలో ఏదో చెబుతుంటే ఆవిడ నవ్వుతోంది. కువాంగ్‌గారు కుంచె ముట్టరు. ఆయన భార్య ఆర్కిడ్ పూలు పెంచుతుంది. మియావ్‌కి ఈమధ్య ఆర్కిడ్లంటే ప్రాణమైపోయిందని ఊరంతా చెప్పుకుంటున్నదే.

పూలగుత్తి చేతిలో పెట్టగానే వెన్‌చింగ్ మైకు దగ్గరికి జరిగింది. "తీసుకున్నవాడు జైల్లో ఉన్నాడు, మంచిదే. ఇచ్చినవాడు ముందు వరసలో ఉన్నాడు. ఇచ్చి కొనుక్కున్న స్థలం ఎవరి చేతిలో ఉంది? మిల్లువాళ్ళు ఎక్కడున్నారు?"

"టీచరుగారికి ఆనందంతో మాట తడబడుతోంది" అన్నాడు సభ నడిపేవాడు. వెంటనే సంగీతం మోగింది.

సాయంత్రం వార్తల్లో ఆమెను చూపించారు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. దాని మీద వార్తలు చదివే అమ్మాయి గొంతు: కొత్త నాయకత్వానికి ఆమె కన్నీళ్ళతో కృతజ్ఞతలు తెలిపారట.

వెన్‌చింగ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. టీవీ కట్టేసింది. తరగతి పోయినప్పుడు కూడా ఆమెకు ఇంత కోపం రాలేదు. అబద్ధమాడమంటే ఆడలేదని, ఇప్పుడు ఆమె నోరే అరువు తీసుకుని వాళ్ళ అబద్ధం చెప్పించారు!

పొద్దున్నే ఒక బకెట్టు, పార్కుల్లో ముసలివాళ్ళు రాతిపలకల మీద నీళ్ళతో రాసుకునే పొడుగుపిడి కుంచె పట్టుకుని మిల్లు స్థలానికి వెళ్ళింది. అక్కడిప్పుడు మియావ్ మేడలు లేచాయి. అమ్మకాల ఆఫీసు ముందు విశాలమైన రాతి ఆవరణ ఉంది. పాత క్వార్టర్లలో ఎవరి ఇల్లు ఎక్కడుండేదో అడుగులతో చూసుకుంటూ, ఆ చోటనే ఆ ఇంటివాళ్ళ పేరు రాయడం మొదలుపెట్టింది.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇక్కడ రాయకూడదు."

"నీళ్ళే బాబూ. ఆరిపోతాయి."

"ఆరిపోయేదానికి రాయడం ఎందుకు?"

"ఆరిపోతాయి కాబట్టే రేపు మళ్ళీ వస్తాను."

అలాగే వచ్చింది. మేనేజరు పైపు పెట్టించి ఆవరణంతా తడిపించాడు. ఆమె నీడపట్టున కూర్చుని, ఎండకు ఆరాక లేచి రాసింది. ఫ్లాట్లు కొనడానికి వచ్చినవాళ్ళు ఆగి ఈ పేర్లెవరివని అడిగేవారు. "మీరు కొనబోయే ఇంట్లో అంతకుముందు ఉన్నవాళ్ళవి" అని చెప్పేది. కొందరు ఫోన్లలో తీశారు. పెట్టిన వీడియోలు మాయమయ్యాయి, మళ్ళీ ఇంకెవరో పెట్టారు.

ఒకరోజు మియావే కారు దిగాడు.

"టీచరుగారూ, మీకేం కావాలో చెప్పండి. పై అంతస్తులో నది వైపు ఫ్లాటుంది. మీలాంటి కళాకారులు ఉంటే మాకే గౌరవం."

"కొంచెం పక్కకి జరగండి మియావ్‌గారూ. లిన్ మేస్త్రిగారి ఇంటి మీద నిలబడ్డారు."

మియావ్ గభాల్న కిందికి చూసి కాలెత్తాడు. ఎత్తాక చూస్తున్నవాళ్ళు నవ్వితే మొహం కందిపోయి కారెక్కాడు.

ఆ వారంలోనే వెన్‌బిన్ వచ్చాడు. ఖాళీ బకెట్టు తీసుకెళ్ళి నింపుకొచ్చి అక్క పక్కన పెట్టాడు.

"ఉద్యోగం జాగ్రత్తరా" అంది వెన్‌చింగ్.

"శ్మశానంలోంచి ఇంకెక్కడికి బదిలీ చేస్తారక్కా?"

ఆమె వాడి భుజం తట్టింది. తర్వాత ఇద్దరూ కొండ అవతలికి వెళ్ళారు. మిల్లు కుర్రాళ్ళ సాయంతో హావ్ పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి తొమ్మిది అంతస్తులూ దింపి, వెన్‌చింగ్ ఇంటికి తెచ్చుకున్నారు. మర్నాటి నుంచి మిల్లువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎవరి పేరు వాళ్ళు రాసుకోసాగారు. రాతలు వంకరటింకరగా ఉండేవి. వెన్‌చింగ్ ఒక్కటి కూడా దిద్దలేదు.

ఎండాకాలం వచ్చేసరికి మూడో మేడ అమ్మకం ఆగిపోయింది. అంతకుముందు పలుమార్లు తిప్పి పంపిన మిల్లువాళ్ళ ఫిర్యాదును కోర్టు ఈసారి తీసుకుంది. తీర్పు రాలేదు, ఇళ్ళూ రాలేదు. కువాంగ్‌గారి వరండాలో ఆర్కిడ్లు మాత్రం ఎక్కువవుతూనే ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు.

హావ్ పిన్నికి కోర్టుల మీద నమ్మకం లేదు. ఒక ఉదయం అమ్మకాల ఆఫీసు మెట్ల ముందు కుర్చీ వేయించుకుని కాపలావాణ్ణి పిలిచింది.

"ఏరా అబ్బాయ్, మీ మియావ్‌తో చెప్పు. నా వంటిల్లు సరిగ్గా ఇక్కడుండేది. రేపటి నుంచి నా వంట ఇక్కడే."

వాడు ముసలావిడ వేళాకోళం అనుకున్నాడు. మర్నాడు వెన్‌బిన్ పొయ్యి మోసుకొచ్చి దింపేదాకా నమ్మలేదు.