ఒక్క మనిషి పట్టే మెట్లు

చెల్లెలి శవాన్ని మేస్త్రీ నిలువునా దించాల్సి వచ్చింది. పడుకోబెట్టి తేవడానికి ఆ మెట్ల మీద చోటు లేదు. పైనుంచి చంకల్లో చేతులు పెట్టి అతను, కింద కాళ్లు పట్టుకుని ఆమె మొగుడు, మూడంతస్తులూ దించారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆమె తల గోడకు తగిలింది.

"ఎవడు కట్టాడో ఈ మెట్లు, వాడి చేతులు పడిపోనూ" అంది కింద నిలబడ్డ పెద్దమ్మ. మిల్లులో నూలు వడుకుతుంది, చెల్లెలి పక్కగది ఆవిడదే.

"నేనే" అన్నాడు మేస్త్రీ.

కట్టింది అతనే, గీసింది మాత్రం నక్షా దొర. పాత ఇళ్లకు పొడుగాటి వరండా ఉండేది. ఒక గదిలో కేక వేస్తే ముప్పై రెండు గదులూ బయటికొచ్చేవి. పోయిన సమ్మె ఆ వరండాలోనే పుట్టింది, అది యజమానులకు కంట్లో నలుసైంది. అప్పుడు నక్షా దొర అట్టముక్కలతో బొమ్మ ఇల్లు చేసి తెచ్చాడు. కార్మికుల తాగుడుకీ తగాదాలకీ అంటురోగాలకీ మందు మంచి కట్టడమేనన్నాడు. వరండా పోయింది. గదికో కుళాయి వచ్చింది, నిలువు వరసకో మెట్లదారి, దానికో గేటు. మనుషుల్ని విడివిడిగా డబ్బాల్లో పెట్టి దానికి ఆరోగ్యమని పేరు పెట్టడం చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది. గోడలు వెంట్రుకవాసి తేడా లేకుండా లేచాయని ఆనాడు మేస్త్రీ కూడా మురిసిపోయాడు. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పొద్దుటి నుంచీ నా గోడ మీద కొడుతూనే ఉంది మేస్త్రీ" అంది పెద్దమ్మ. "ఒళ్లు కాలిపోయే జ్వరం, మొగుడేమో షిఫ్టులో. మా మెట్లు దిగి చుట్టూ తిరిగి వస్తే ఈ గేటుకి తాళం. షిఫ్టు నడుస్తుంటే వేరే వరసవాళ్లకి తీయకూడదట, కాపలావాడు కదల్లేదు. వెనక్కి పోయి గోడకి చెవి పెట్టాను. చప్పుడు ఆగిపోయింది."

చెల్లెల్ని సాగనంపి వచ్చి మేస్త్రీ ఆ గదిలోకి ఎక్కాడు. గోడ కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చడానికి కన్నాలు వదులుతారు. పనయ్యాక సగం ఇటుకలతో పూడ్చి పైన పూత పూస్తారు. అవి ఎక్కడున్నాయో కట్టినవాడి వేళ్లకే గుర్తు. నాలుగో సుత్తి దెబ్బకి ఇటుక అవతల పడింది. కన్నంలో పెద్దమ్మ ముఖం కనిపించింది.

"ఈ పనేదో మొన్న చేసుండాల్సింది" అంది.

సెలవు రోజున అందరూ పలుగులు పట్టారు. అంతకుముందు గంటసేపు వాదించుకున్నారు.

"ఇళ్లు ఖాళీ చేయిస్తారు."

"చేయించనీ. చచ్చాక ఎలాగూ ఖాళీయే కదా."

"కప్పు మీద పడితే?"

"నేను గీత గీసినంత మేరే తీయండి, పడదు" అన్నాడు మేస్త్రీ.

సాయంత్రానికి అంతస్తుకు ఏడు గోడల్లోనూ మనిషెత్తు దారి పడింది. పోయిన వరండా గదుల మధ్యలోంచి తిరిగొచ్చింది.

మర్నాడు మేనేజరూ నక్షా దొరా పోలీసులతో దిగారు.

"గాలీ వెలుతురూ లెక్కకట్టి గీశానమ్మా" అన్నాడు నక్షా దొర, నొచ్చుకున్నట్టు. "గుంపుగా ఉంటే రోగాలొస్తాయి, గొడవలొస్తాయి."

"ఒంటరిగా ఉంటే చావొచ్చింది బాబూ. దాన్ని ఏ లెక్కలో గీశారు?" అంది పెద్దమ్మ.

జవాబుగా పోలీసులు అక్కడున్న జనంలో ఏడుగురిని లారీ ఎక్కించారు. మేనేజరు మేస్త్రీ వైపు తిరిగాడు. "నువ్వే తీశావు, నువ్వే మూస్తావు. రేపు సాయంత్రానికి గోడలు నున్నగా కనపడాలి. లేదంటే ఆ ఏడుగురి మీద ఆశ వదులుకోండి."

మేస్త్రీ తల ఊపాడు. తోటి పనివాళ్లను వెంటబెట్టుకుని వచ్చేసరికి గడపల దగ్గర జనం ఉమ్మేశారు.

"చెల్లెల్ని మట్టిచేసి వారం కాలేదు, సిగ్గు లేదూ" అంది పెద్దమ్మ.

"బకెట్టుతో నీళ్లు పెట్టు పెద్దమ్మా" అన్నాడు అతను, అంతే.

ఆవిడ బకెట్టు విసురుగా దించి, తట్టలోని అడుసును వేళ్ల మధ్య నలిపింది. సిమెంటు లేదు. సున్నమూ లేదు. ఒట్టి మట్టి. అతని కళ్లలోకి చూసింది. ఆ తర్వాత ఆవిడ తిట్లు రెట్టింపయ్యాయి, మెట్ల మీది కాపలావాడికి బాగా వినపడేలా. తిడుతూనే ఇటుకలు అందించింది. పనివాళ్లు తలొంచుకుని నవ్వు ఆపుకున్నారు.

నక్షా దొర వచ్చి తూకం గుండు వేలాడదీసి చూశాడు. గోడ నిటారుగా ఉంది, పైన పూసిన సున్నం కింద మట్టి కనపడలేదు. ఏడుగురి సంగతి అడిగితే మేనేజరు, "చూద్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మిల్లు కూత వేసింది. ఎనిమిది మెట్లదారుల్లోనూ ఒక్కరూ దిగలేదు. భుజం ఆనించి తోస్తే గోడల్లోని ఆ మట్టి మూతలన్నీ కూలాయి. అందరూ మూడో అంతస్తుకు చేరారు. ఏడుగురినీ వదిలేదాకా మిల్లు నడవదని కిటికీలోంచి పెద్దమ్మ కింద నిలబడ్డ మేనేజరుకు చెప్పింది.

పోలీసులు చెల్లెలి గది మెట్లెక్కారు. ఇద్దరు జంటగా ఎక్కబోయి మొదటి మలుపులోనే ఇరుక్కున్నారు. వెనక్కి తగ్గి ఒక్కొక్కరే రావాల్సి వచ్చింది. మొదటివాడు ఆయాసంతో పైమెట్టు ఎక్కి తలెత్తేసరికి ఎదురుగా ముప్పై రెండు గదుల జనం. ముందు వరసలో మేస్త్రీ, చేతిలో సుత్తి.

"చూసుకుని నిలబడు బాబూ" అన్నాడు. "అవి నేను కట్టిన మెట్లే. నీ వెనక ఒక్కడికే చోటుంది."