బిందెలో మిగిలిన ఆట

భిక్షపతి కంప్యూటర్‌లో ఉన్న పెళ్లికి పొద్దుటి నుంచి చెమటలు పడుతున్నాయి. పెళ్లికొడుకు కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. పెళ్లికూతురి బొట్టు జారి ముక్కు మీదికి వచ్చింది. తెర అంచు నుంచి చెమట కీబోర్డు మీద కారుతుంటే భిక్షపతి తువ్వాలుతో అద్దుతున్నాడు.

ఊళ్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేది అతనే. వైశాఖంలో పెళ్లిళ్లూ ఎక్కువే, ఎండలూ ఎక్కువే. వీడియో పూర్తికాకముందే కంప్యూటర్ కాగి ఆగిపోతుంది. అది ఆగినప్పుడల్లా లోపలి పెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. పీటల మీద కూర్చుని లేచి, కూర్చుని లేచి ఆ పిల్లకు విసుగొచ్చింది.

"జర గాలి రానియ్యే అన్నా," అంటాడు పెళ్లికొడుకు తెరలోంచి. "మేం ఇండ్లకు పోవద్దా?"

ఫ్యాను గాలితో అయ్యే పని కాదు, నీళ్లే పారించాలి. తగుదునమ్మా అంటూ భిక్షపతి తనే పూనుకుంటాడు. పాడైన కూలర్‌లోంచి మోటారు పీకుతాడు. మెకానిక్ పక్కన పడేసిన బండి రేడియేటర్ తెస్తాడు. మందుల షాపులో సెలైన్ పైపు కొంటాడు. ప్రాసెసర్ మీద కూర్చోబెట్టడానికి రాగి బిళ్లను ఆకురాయితో నున్నగా రాకుతాడు. ఇక నీళ్లు పట్టే పాత్రే తక్కువ. అటక మీద పెళ్లినాటి ఇత్తడి బిందె కనిపిస్తుంది.

"అది దియ్యకు," అంటుంది భార్య స్వరూప గడపలో నిలబడి. "అండ్ల ఆట ఇంక ఒడవలే."

నిజమే, ఆట పూర్తికాలేదు. వాళ్ల పెళ్లిలో ఆ బిందె నిండా నీళ్లు పోసి ఉంగరం వేశారు. మూడుసార్లు తీయాలి. రెండుసార్లు స్వరూపకే దొరికింది. మూడోసారి ఇద్దరి చేతులూ నీళ్లలో ఉండగా, కెమెరా అబ్బాయి వెలుతురుకు అడ్డంగా నిలబడ్డాడని భిక్షపతి లేచి వెళ్లాడు. వాణ్ణి సరిగ్గా నిలబెట్టి వచ్చేసరికి పెళ్లివారి బస్సు హారన్ కొట్టింది. ఉంగరం లోపలే ఉండిపోయింది.

"ఆట ముచ్చట తర్వాత," అంటాడు భిక్షపతి.

"తర్వాత అంటే ఎన్నడు? ఇయ్యాల మన పెండ్లిరోజు. కోడికూర వండిన. ఒక్కపూట నా పక్కన కూసోని తిను. ఇంకేం అడుగ."

"నీళ్లు తిరుగుడు షురువు కాంగనే వస్త."

ఆమె వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలు పెడుతుంది. ఆ చప్పుడుకు అతని ప్రాణం అటే లాగుతుంది. ఈ ఒక్కపూటా మాట నిలబెట్టుకోవాలనే ఉంది.

బిందె నింపి మోటారు వేస్తాడు. నీళ్లు పైపులోకి ఎక్కి, రాగి బిళ్ల మీదుగా పోయి, రేడియేటర్‌లో చల్లబడి, మళ్లీ బిందెలోకే దిగుతున్నాయి. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. తెరలో పెళ్లికూతురు హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. భిక్షపతి చేతులు తుడుచుకుని భోజనానికి లేస్తాడు.

తలుపుకు అడ్డంగా పైపు ఉంది. దాని కింద నుంచి దూరితే అవతల ఇంకో చుట్టు ఉంది. పైపు పెరగలేదు, గదే దాని వెంబడి వంగుతోంది. గోడలు గుండ్రంగా మారి, పైకి పోయేకొద్దీ దగ్గరపడి, కప్పు ఉండాల్సిన చోట ఇరుకైన బిందె మెడగా నిలిచాయి. సున్నం పెచ్చులూడిన చోట ఇత్తడి మెరుస్తోంది. తలుపు సన్నని గీతగా మారి, ఆ గీతా పూడుకుపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఇక్కడ కంప్యూటర్‌కు మందేస్తే వాకిలి ఊడింది.

పైపు కోస్తే బయటపడొచ్చు. అతను కత్తెర అందుకుంటాడు.

"కొయ్యకే అన్నా," అంటాడు పెళ్లికొడుకు. "తాళి దాక వచ్చినం."

"నాకు ఆకలైతాంది తమ్మీ."

"మాకు పెండ్లయితాంది."

అతను కత్తెర కింద పెడతాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

తెరలో తాళి పడుతుంది, తలంబ్రాలు అవుతాయి. చుట్టాలు చెప్పులు చేతపట్టుకుని ఒక్కొక్కరే పైపులోకి దిగి ఇళ్లకు వెళ్లిపోతారు. చివరగా పెళ్లికూతురు వెనక్కి తిరిగి, "నువ్వు గూడ రా అన్నా," అంటుంది.

"నేను అండ్ల పట్ట చెల్లే," అంటాడు భిక్షపతి.

తెర నల్లబడుతుంది. నీళ్లు మాత్రం ఆగవు. మోకాళ్ల దాకా వచ్చాయి.

"స్వరూపా!" అని అరుస్తాడు. ఆ పేరు గోడకు తగిలి ఖంగుమని మోగి మళ్లీ అతని దగ్గరికే వస్తుంది. కాసేపటికి, చాలా పైనుంచి, ఆమె గొంతు వినిపిస్తుంది.

"ఏడున్నవయ్యా? కూర సల్లగయ్యింది."

"ఈడనే ఉన్న! కిందున్న!"

"ఎప్పుడడిగినా ఈడనే అంటవ్. దేవులాడి దేవులాడి చెయ్యి గుంజుతాంది. ఈసారి దొరకకుంటె నేనిగ దేవులాడ."

ఆమె కోపంగా అనడం లేదు. అందుకే భిక్షపతికి భయం వేస్తుంది.

పైన బిందె మెడలోంచి ఆమె చెయ్యి దిగుతుంది. మంచమంత ఉంది. నిండా గాజులు, మణికట్టు మీద పెనం కాలిన మచ్చ. అది వెతుకుతూ నీళ్లలో బీరువాను తడుముతుంది, రేడియేటర్‌ను తడుముతుంది. తానేం కావాలో భిక్షపతికి అర్థమవుతుంది. వీపు వెనక్కి వంచి, చేతులతో మడమలు పట్టుకుని, ఉంగరంలా గుండ్రంగా అవుతాడు. ఒళ్లంతా చల్లబడి గట్టిపడుతుంది. మోచేతులకు బంగారు మెరుపు వస్తుంది. అతనికి సంతోషంగా ఉంది. రెండుసార్లు గెలిచిన చెయ్యి అది.

అప్పుడు రెండో చెయ్యి దిగుతుంది. దానికి పెళ్లిలో అత్తగారు పెట్టిన గడియారం ఉంది. అది అతని చెయ్యే. వెతకనైనా వెతకదు, నేరుగా వచ్చి అతన్ని పట్టుకుంటుంది.

"ఆమెకియ్యి," అంటాడు భిక్షపతి తన చేతితో.

చెయ్యి అతన్ని ఆమె వేళ్ల వైపు తీసుకెళుతుంది. గాజుల చప్పుడు చెవిలోనే వినిపిస్తోంది. ఇంకొక్క వెంట్రుకవాసి ఉండగా ఆ చెయ్యి ఆగుతుంది. వేళ్లు విప్పి అతన్ని వదిలేస్తుంది. పైకి లేచి, మెడ దగ్గర ఎవరికో సైగ చేస్తుంది: అటు కాదు, ఇటు నిలబడు, వెలుతురు ఇటుంది.

భిక్షపతి తిరుగుతూ అడుక్కు దిగుతాడు. పైన కెమెరా లైటు వెలిగి నీళ్లన్నీ పాలలా తెల్లబడతాయి. స్వరూప చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది. దాని గాజులు ఒక్కొక్కటే జారి, మునిగి, అతని చుట్టూ వచ్చి పడుతున్నాయి. ఆమె వేళ్లు ఒక్కో గాజునూ పైకెత్తి, చుట్టూ తడిమి చూసి, ఇది కాదని మెల్లగా అతని మీద పెడుతున్నాయి.