మధ్య కుర్చీ

కటింగ్ మిషన్ పిడి మీద ఒళ్ళంతా వాల్చితే తప్ప కాగితాల కట్ట తెగదు. తెగిన అంచుని బొటనవేలితో రాసి చూసుకుని, ఛైర్మన్ కట్టని జిగురు బల్ల మీదికి చేర్చాడు. ఎంబీఏ ఎంట్రన్సుకి చదివే పిల్లల పుస్తకాలవి. లెక్కలకి నీలం అట్ట, ఇంగ్లీషుకి ఎర్ర అట్ట, బొమ్మలూ పట్టికలూ ఉన్నదానికి పసుపు. లోపల ఏముందో అతనికి అనవసరం. మీసాలు రాకముందే బడి మానేసినవాడికి అట్టల రంగు తెలిస్తే చాలు.

ఛైర్మన్ అన్నది వెక్కిరింపు పేరు. రాతపరీక్ష గట్టెక్కిన పిల్లల్ని కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలుస్తారు. దానికి ముందు ఈ కోచింగ్ సెంటర్లో ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెడతారు. అసలుదానిలో బల్ల వెనక ముగ్గురు కూర్చుంటారట, అందుకని ఇక్కడా ముగ్గురు కనపడాలి. సెంటరు నడిపే సారు ఒకరు, ఇంగ్లీషు మేడమ్ ఒకరు. మూడో మనిషికి జీతం ఇవ్వడానికి మనసొప్పక, సారు ఒకరోజు బైండింగు గదిలోకి వచ్చి ఇతన్ని ఎగాదిగా చూశాడు.

"నెరిసిన జుట్టు, పెద్ద ముక్కు, చచ్చినా నవ్వని మొహం. ఛైర్మన్‌కి ఇంకేం కావాలయ్యా?"

అలా మధ్య కుర్చీ ఇతనిదైంది. సారు తన పాత నల్లకోటు ఇచ్చాడు. దాని చేతులు పొట్టి. మణికట్ల దగ్గర జిగురు చారలూ, కత్తి గాట్లూ బయటపడతాయి. అందుకని చేతులు ఎప్పుడూ బల్ల కిందే ఉండాలన్నాడు సారు. నోరు విప్పకూడదు. ఎవరేం చెప్పినా ముక్కు మీదినుంచి చూడాలి. ఒకసారి కోటు మధ్య గుండీ ఊడిపోతే, అప్పటికింకా స్కూల్లో ఉన్న కూతురు బైండింగు దారంతోనే కుట్టి, దాని మీద పెన్ను ఇంకు పూసింది. "ఛైర్మన్‌కి తెల్లదారం ఏం బాగుంటుంది నాన్నా?" అని పడీపడీ నవ్వింది.

మరో నియమం ఉంది. పిల్లలెవరైనా "మై ఫాదర్ పాస్డ్ అవే" అంటే ముగ్గురూ తల దించాలి. అసలు ఇంటర్వ్యూలో పెద్దమనుషులు అలాగే దించుతారట. ఆ ముక్కకి అర్థం సారే చెప్పాడు. ఇంతమంది తండ్రిలేని పిల్లలు ఈ పరీక్షే ఎందుకు రాస్తారో అని మొదట్లో అతను జాలిపడ్డాడు. తర్వాత ఒకనాడు, పోయిన తండ్రుల్లో ఒకాయన స్కూటర్ మీద వచ్చి, కొడుకుని గేటు దగ్గర దింపి, "సాయంత్రం తొందరగా వచ్చెయ్‌రా" అని వెళ్ళిపోవడం చూశాడు. జాలిపడడం ఆ రోజుతో మానేశాడు. తల దించడం మాత్రం మానలేదు. పని పనే.

ఈ ఏడు కూతురు రాతపరీక్ష గట్టెక్కింది. ఎలా గట్టెక్కిందో అతనికి తెలుసు. ఉన్న ఒక్క గదిలో పిల్ల గడియారం ఎదురుగా పెట్టుకుని లెక్కలు చేస్తుంటే, భార్యాభర్తలు గిన్నె చప్పుడు కాకుండా తిని, సైగలతో మాట్లాడుకున్నారు. అందరి పుస్తకాలకీ జిగురు పెడితే, ఆమె పుస్తకాలు దారంతో కుట్టాడు. ఎంత విప్పినా వీపు విరగవు. సారు ఫీజు మాటెత్తితే ఒట్టు. "నీ కూతురంటే నా కూతురే. ఇంటర్వ్యూకి నేనే తయారుచేస్తా" అన్నాడు. ఆ మాటకి ఛైర్మన్ లోపల్లోపలే దండం పెట్టుకున్నాడు.

కిందటి వారం దారిలో కూతుర్ని అడిగాడు. "నాన్న ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్తావమ్మా?"

"పుస్తకాలు చేస్తాడని చెప్తా."

అంతే అంది. అతనికి ఆ మాట నోట్లో బెల్లంముక్కలా కరుగుతూనే ఉంది. జిగురు డబ్బా ముందు జీవితమంతా కూలబడ్డవాణ్ణి గురించి అంత గౌరవంగా ఎవరన్నారు?

ఇవాళ పొద్దున కూతురు టీ కూడా తాగకుండా ముందే బయల్దేరింది. భార్య ఇస్త్రీ చొక్కా తీసి చేతికిచ్చింది.

"ఇవాళెందుకే ఇది? జిగురు పాలవుతుంది."

"ఉండనివ్వండి, వేసుకోండి" అని పొయ్యి వైపు తిరిగింది.

మధ్యాహ్నం సారు గుమ్మంలోకి వచ్చాడు. "కోటు వేసుకో. మీ అమ్మాయి వంతు."

"నేనెందుకులెండి సారూ, నన్ను చూస్తే పిల్ల తడబడుతుంది."

"తడబడకూడదనే."

ఇంటర్వ్యూ గదిలో మేడమ్ అప్పటికే కూర్చుని ఉంది. ఛైర్మన్ కోటు సర్దుకుంటూ ఆమె వైపు వంగాడు. "మేడమ్, పుస్తకాలు చేస్తాడు అని ఇంగ్లీషులో ఎలా అంటారు?"

"మేక్స్ బుక్స్" అంది ఆవిడ. ఎందుకని అడగలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలెట్టింది.

బుక్స్. ఆ ఒక్క మాట పట్టుకుంటే చాలు. చేతులు బల్ల కింద పెట్టుకుని చెవులు రిక్కించాడు.

తలుపు తట్టి కూతురు లోపలికొచ్చింది. తండ్రిని చూసింది. ఉలిక్కిపడుతుందనుకున్నాడు. పడలేదు. ముగ్గురికీ ఒకేలా నమస్కారం పెట్టి, వీపు నిటారుగా కూర్చుంది. సారు ఏవేవో అడిగాడు. పిల్ల చెప్పింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఏరు పారినట్టు పారుతోందని తెలుస్తోంది. అతను ముక్కు మీదినుంచి చూడడం మర్చిపోయాడు.

అప్పుడు సారు ఫాదర్ అన్నాడు.

కూతురు రెప్ప వాల్చలేదు. సూటిగా మధ్య కుర్చీ వైపే చూస్తూ చెప్పింది.

"మై ఫాదర్ పాస్డ్ అవే, సర్."

సారు తల దించాడు. మేడమ్ దించింది. ఇన్నేళ్ళ అలవాటు ఊరుకోదు కదా, ఛైర్మన్ తల కూడా దానంతటదే దిగింది. దిగాక గాని అది ఎవరి కోసమో బోధపడలేదు. వెంటనే ఎత్తడం చేతకాలేదు. కోటు మధ్య గుండీ చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టాడు. పగిలిన గోళ్ళు, జిగురు పొరలు, కత్తి గాట్లు. పిల్ల మిగతా జవాబు పూర్తిచేసి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది.

సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా? నీ మొహం మీదే చెప్పగలిగింది. ఇంకెక్కడికెళ్ళినా దానికి తిరుగులేదు. సీటు వచ్చిందనుకో."

ఛైర్మన్ లేచి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "ఇంకా ఇద్దరున్నారయ్యా" అని సారు అంటున్నా, బైండింగు గదిలోకి వెళ్ళి, సగంలో ఆపిన పుస్తకానికి జిగురు పట్టించసాగాడు. కాసేపటికి కూతురు గుమ్మం దగ్గర నిలబడింది.

"నాన్నా."

"ఊఁ."

"అందరూ చెప్పేదే. మామూలు ఇల్లని చెప్తే ఎవరికీ గుర్తుండదట. సారే రాసిచ్చారు."

అతను అట్ట మడత మీద గోరుతో గట్టిగా గీశాడు. "ఎప్పుడు పోయానమ్మా?"

పిల్ల నేల చూపులు చూసింది. "నేను టెన్త్‌లో ఉండగా."

"దేంతో?"

"గుండెపోటు."

"మరి మీ అమ్మ?"

"మిషన్ కుట్టి నన్ను చదివిస్తోంది."

"నయం. ఆవిడైనా మిగిలింది." ఇస్త్రీ మడత ఇంకా చెదరని తన చొక్కా చేతి వైపు చూసుకున్నాడు. "మీ అమ్మకి తెలుసా?"

పిల్ల కూడా ఆ ఇస్త్రీ మడత వైపే చూసింది.

"బాగా చెప్పావు" అన్నాడతను. "ఎక్కడా తడబడలేదు."

ఆమె వెనక్కి తిరిగి వెళ్ళింది. చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడి ఆగిపోయింది. అతను పుస్తకం బరువు కింద పెట్టి, జిగురు డబ్బా మూత బిగించి, చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో రెండుసార్లు కడిగాడు. గది తాళంచెవి మిషన్ పిడికి తగిలించి బయటికొచ్చాడు.

నడవలో ఇంటర్వ్యూ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఎవరో కుర్రాడు నిటారుగా కూర్చుని జవాబు చెబుతున్నాడు. సారూ మేడమూ తలలు దించారు. వాళ్ళిద్దరి మధ్యా ఖాళీ కుర్చీకి కోటు వేలాడుతోంది. కిటికీ ఎండ పడిన మధ్య గుండీ దగ్గర, ఎప్పుడో పూసిన ఇంకు వెలిసిపోయి, దారం తెల్లగా బయటపడి ఉంది.