శత్రుదేశానికి పొలమారింది

ఓడిపోయిన దేశం భ్రమరాంబ వరండాలో పీట మీద కూర్చుని పప్పన్నం కలుపుకుంటోంది. గెలిచినవాళ్ళ వీధివీధికీ అది ఓ పూట భోజనానికి రావాలని సంధి. ఇవాళ ఈ వీధి వంతు. దాని మోచేతి నుంచి నది కారుతోందని భ్రమరాంబ కింద గోనెపట్టా పరిచింది.

జనమంతా కిటికీల దగ్గర చేరి దాన్ని తిట్టిపోస్తున్నారు. వీధి పెద్ద కోటిలింగానిదే పెద్ద గొంతు.

అసలు తిట్టే హక్కు భ్రమరాంబది. యుద్ధానికని ఆ దేశంలోకి వెళ్ళిన తమ్ముడు మృత్యుంజయం తిరిగి రాలేదు. అడిగితే లేడంటుందేమోనని ఆమెకి భయం. కడుపు మండిపోతున్నా నెయ్యి మాత్రం ధారగానే పోస్తోంది, పాడు అలవాటు.

"మా తమ్ముడేడీ?" అని చివరికి అడిగేస్తుంది.

దేశం జవాబు చెప్పబోతుంది. నోట్లో ముద్ద ఉంది. పొలమారుతుంది.

"ఎవరో తలుచుకుంటున్నారు," అంటుంది పక్కింటి వర్ధనమ్మ.

"ఆ దిక్కుమాలినదాన్ని ఎవరు తలుచుకుంటారు?" అంటాడు కోటిలింగం.

"మనమేనండీ. ఇన్నాళ్ళూ ఇంకో పనేం చేశాం?" అంటుంది వర్ధనమ్మ.

నిజమే. కోటిలింగమైతే నిద్రలో కూడా దాన్నే తలుచుకుంటాడని ఆయన భార్యే చెబుతుంది. అందర్నీ వెంటనే ఇంకేదైనా తలుచుకోమంటాడాయన. ఒక్కరి వల్లా కావడం లేదు. దేశం దగ్గి దగ్గి నీలంగా మారుతోంది. దాని భుజాల మీది ఊళ్ళలో దీపాలు ఆరిపోతున్నాయి.

భ్రమరాంబ చెయ్యి దానంతటదే లేచి దాని నడినెత్తిన తడుతుంది. మంచు రాలుతుంది. మళ్ళీ తడితే ఓ వంతెన, దాని మీది మేకలు రాలతాయి. ఇంకోసారి తడితే మృత్యుంజయం వచ్చి విస్తట్లో, పప్పుకీ వంకాయ కూరకీ మధ్య పడతాడు. మెతుకంత ఉన్నాడు. గడ్డం పెరిగింది. బతికే ఉన్నాడు. ఆమె నేల మీద కూలబడి భోరుమంటుంది.

"తర్వాత ఏడుద్దువుగానిలే అక్కా. ముందు దానికి మంచినీళ్ళియ్యి," అంటాడు తమ్ముడు.

ఆమె చెంబు అందిస్తుంది. దేశం ఓ గుక్క తాగుతుంది. తమ్ముడు జానెడు పెరుగుతాడు.

కిటికీల దగ్గర ఇప్పుడెవరూ లేరు. నీళ్ళకోసం పరిగెత్తారు. అందరికన్నా ముందు కోటిలింగమే గంగాళం నెత్తిన పెట్టుకుని వస్తాడు. దేశం తాగుతూనే ఉంది. మృత్యుంజయం అక్కంత అయ్యాడు, గుమ్మమంత అయ్యాడు, పెంకులు తోసుకుని పైకి పోయాడు. ఇక చాలని భ్రమరాంబ అనగలదు, కానీ అనదు. చెంబు ముంచి ఇస్తూనే ఉంది. పైన మబ్బుల్లో తమ్ముడు గడ్డం గోక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది.